ప్లానింగ్ స్టూడియోలో తొలి సర్వే ఎలా చేయాలి?

బి.ప్లాన్‌లో (ఊళ్ల ప్రణాళిక నేర్పే డిగ్రీలో) చేరానని చెప్పగానే చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అంటే ఇళ్లకు ప్లాన్లు గీస్తారా?’ ఇల్లు గీసేది ఆర్కిటెక్టు. ఆ ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పుండాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, బడి ఎంత దూరంలో ఉండాలి, ఊరు పెరిగితే ఏ పొలాల వైపు పెరగాలి అన్నది ప్లానర్ల పని. ఈ పని క్లాసు పాఠాల్లో కొంత, స్టూడియోలో ఎక్కువ వస్తుంది. స్టూడియో అంటే ఒక సెమిస్టర్ పాటు జట్టుగా ఒక వార్డునో చిన్న పట్టణాన్నో తీసుకుని, సర్వే చేసి, విశ్లేషించి, ప్రతిపాదనలు గీసి, చివర్లో దాన్ని పరీక్షించే నిపుణుల బృందం, అంటే జ్యూరీ ముందు నిలబడటం.

జ్యూరీలో నిలవని ప్లాన్లలో చాలా వాటికి దెబ్బ తగిలేది సర్వే దగ్గరే. అందుకే ఇక్కడ సర్వే గురించే చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా విజయవాడవి. 2008లో అక్కడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వచ్చింది కాబట్టి ఆ వీధులు స్టూడియోలకు అలవాటైనవే. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) చదివేవాళ్లకైనా, ఢిల్లీలో, భోపాల్‌లో చదివే మనవాళ్లకైనా పద్ధతి ఇదే.

ముందు సీనియర్లను పట్టుకోండి

వార్డు పేరు ప్రకటించిన రోజే చేయాల్సిన పని ఇది. అదే ప్రాంతాన్నో పక్కదాన్నో ఏదో ఒక బ్యాచ్ అంతకు ముందు చేసే ఉంటుంది. వాళ్ల మ్యాపు దొరికితే మీకు కాలం తోడవుతుంది. అప్పుడు కాపురాలున్న వీధి ఇప్పుడు హాస్టళ్లతో నిండిందా, ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచిందా అన్నది ఒక్క సెమిస్టర్‌లో మీరు సొంతంగా కనిపెట్టలేరు.

అడిగే తీరు ముఖ్యం. ‘అన్నా, మీ స్టూడియో మెటీరియల్ ఉంటే పంపండి’ అని మెసేజ్ పెడితే ఉద్యోగంలో ఉన్న మనిషి దాన్ని చదివి పక్కన పెడతాడు. ఇలా రాయండి: ‘నమస్తే అక్కా, నేను రెండో సంవత్సరం. మాకు పటమట వైపు వార్డు ఇచ్చారు. మీరూ అదే చేశారని విన్నాను. మీ బేస్ మ్యాపులో రోడ్ల వెడల్పులు టేపుతో కొలిచినవా, మాస్టర్ ప్లాన్ నుంచి తీసుకున్నవా?’ (బేస్ మ్యాపు అంటే సర్వేకు ఆధారంగా ముందే గీసుకునే మ్యాపు. మాస్టర్ ప్లాన్ అంటే ఊరు ఎలా పెరగాలో చూపే అధికారిక ప్రణాళిక.) ప్రశ్న చిన్నది, జవాబు ఒక్క వాక్యం. ఆ వాక్యం వచ్చాక మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.

పూర్వ విద్యార్థుల్లో కొందరు మున్సిపల్ కార్పొరేషన్‌లో, సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ), హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లాంటి చోట్ల, టౌన్ ప్లానింగ్ శాఖలో పనిచేస్తుంటారు. వాళ్లను ఆఫీసు ఫైళ్లు అడగకండి. అది వాళ్లను ఇరకాటంలో పెట్టడమే. ఏ కాగితం ఏ సెక్షన్‌లో ఉంటుంది, దరఖాస్తులో దాన్ని ఏ పేరుతో అడగాలి అన్నది అడగండి. తిరగాల్సిన తిరుగుడు సగం తగ్గుతుంది.

బేస్ మ్యాపు

ఇస్రో వాళ్ల మ్యాపుల వెబ్‌సైటు భువన్, అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, ఉపగ్రహ చిత్రం, మాస్టర్ ప్లాన్ షీటు. ఈ నాలుగూ క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి భవనాల అంచులు, రోడ్లు, కాలువలు గీసుకోండి. క్యూజీఐఎస్ ఉచితం. ప్రతి భవనానికీ ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరే సర్వే ఫారంలో, ఫొటో పేరులో, ఎక్సెల్ వరుసలో ఉండాలి. ఈ ఒక్క క్రమశిక్షణ లేక జట్లు చివరి వారమంతా ఏ ఫొటో ఏ ఇంటిదో వెతుక్కుంటూ గడుపుతాయి.

గీసిన మ్యాపు ప్రింటు తీసుకుని ఒకసారి వార్డంతా నడవండి. చెట్ల కింద దాగిన సందులు, కొత్తగా కట్టిన గోడలు, మ్యాపులో రోడ్డుగా కనిపిస్తూ నేల మీద గేటుతో మూసేసిన దారులు అప్పుడే తెలుస్తాయి.

లేఖ, ఐడీ కార్డు

విభాగాధిపతి సంతకంతో లేఖ, మెడలో ఐడీ కార్డు లేకుండా వీధిలోకి వెళ్లకండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ముందు వార్డు సచివాలయానికి వెళ్లండి. 2019లో మొదలైన ఈ సచివాలయాల్లో ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ కార్యదర్శి అని ప్రత్యేకంగా ఒకరు ఉంటారు. ఆయనకో ఆమెకో మీరు వచ్చినట్టు తెలిస్తే, ఎవరైనా ఫోన్ చేసి అడిగినప్పుడు ‘వాళ్లు కాలేజీ పిల్లలే’ అని చెప్పేవాళ్లు ఒకరు ఉంటారు.

భూవినియోగం

కింద కిరాణా కొట్టు, మొదటి అంతస్తులో ట్యూషన్ సెంటర్, పైన కాపురం. మన ఊళ్లలో చాలా భవనాలు ఇలాగే ఉంటాయి. కాబట్టి ప్రతి అంతస్తుకూ విడిగా రాయండి. కింది అంతస్తు చూసి భవనమంతా వాణిజ్యం అని రంగు వేస్తే ఆ వార్డులో జనాభా మాయమైపోతుంది. ఆ జనానికి కావాల్సిన నీళ్లు, అంగన్‌వాడీ, పార్కు కూడా మీ లెక్కలోంచి జారిపోతాయి.

రంగులు మన దేశపు మార్గదర్శకాల ప్రకారం వేయండి. నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమకు ఊదా, ప్రభుత్వ, సామాజిక అవసరాలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. అమెరికా మ్యాపుల్లో వాణిజ్యమే ఎరుపు. ఇంటర్నెట్‌లో దొరికిన రంగుల పట్టికను ఉన్నదున్నట్టు వాడితే జ్యూరీలో కూర్చున్న పెద్దలకు ఆస్పత్రులు దుకాణాలుగా కనిపిస్తాయి.

వీధి గంటగంటకూ మారుతుంది. విజయవాడ బజారు వీధి బీసెంట్ రోడ్డును పొద్దున ఏడింటికి చూస్తే మూసిన షట్టర్ల మధ్య ఖాళీ రోడ్డు. సాయంత్రం చూస్తే తోపుడు బళ్లు, బట్టలవాళ్లు, గాజులవాళ్లు, అడుగు తీసి అడుగు వేయలేని జనం. పొద్దుటి సర్వేలో చిరువ్యాపారులే ఉండరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వార్డు లేదా జోన్ జనాభాలో 2.5 శాతానికి మించకుండా వ్యాపారులకు చోటు చూపాలి. వాళ్లను లెక్కలోకే తీసుకోని ప్లాన్ ఆ చట్టాన్ని ఎలా అమలు చేస్తుంది? అందుకే బజారు వీధులకు కనీసం మూడు వేళలు పెట్టుకోండి: పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక. సెలవు రోజు ఒకసారి విడిగా.

గడప దగ్గర

సర్వే మొత్తంలో కష్టమైనదీ, నేర్పేదీ ఇదే.

మీ చేతిలో మ్యాపు, టేపు చూడగానే మొదట వచ్చే మాట: ‘రోడ్డు వెడల్పు చేస్తారా బాబూ?’ ఆ భయానికి కారణం ఉంది. గోడ మీద ఎర్ర రంగు గీత పడ్డాక సగం ఇల్లు పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రేషన్ కార్డు తీసేస్తారేమో, పన్ను పెంచుతారేమో అనే అనుమానాలూ ఉంటాయి. ఫారం తెరవకముందే చెప్పేయండి: ‘అమ్మా, మేం కాలేజీలో చదువుకుంటున్నాం. ఇది మా చదువు కోసం. మీ పేరు, ఫోన్ నంబరు రాసుకోం. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు.’ చెప్పినట్టే పేరు రాయకండి.

‘మాకు కుళాయి ఎప్పుడు వేయిస్తారు?’ అని అడిగితే ‘పై వాళ్లకు చెబుతామమ్మా’ అనకండి. మీరు చెప్పలేరు. ‘అది మా చేతిలో లేదమ్మా, మీరు చెప్పింది మాత్రం మా రిపోర్టులో రాస్తాం’ అనండి. మీ తర్వాత అదే గడపకు మరో బ్యాచ్ వస్తుంది. మీరిచ్చిన ఉత్తుత్తి మాటకు వాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్రశ్నలు నిన్నటి గురించి అడగండి. ‘నీటి సమస్య ఉందా?’ అంటే ‘ఉంది’ అంటారు, అంతే. ‘నిన్న కుళాయి ఎన్నింటికి వచ్చింది? ఎంతసేపు వచ్చింది? ఎన్ని బిందెలు పట్టారు? తాగే నీళ్లు క్యాను కొన్నారా?’ అంటే మీకు లెక్క దొరుకుతుంది. ఆదాయం ఎంత అని అడిగితే నిజం రాదు, అడగడం మర్యాదా కాదు. అద్దె, కరెంటు బిల్లు, బండి, పిల్లలు చదివే బడి గురించి అడగండి.

అన్ని ఇళ్లకూ వెళ్లలేక ప్రతి పదో ఇల్లు అని పెట్టుకుంటే అందులో ‘ఇల్లు’ అంటే కాపురం. భవనాలు లెక్కపెట్టుకుంటూ పోతే ఎప్పుడూ కింది వాటాలో ఉండే ఇంటి ఓనరే దొరుకుతారు. మేడ మీద రేకుల గదిలో అద్దెకున్నవాళ్లు ఎవరి ఫారంలోనూ ఉండరు. తాళం వేసిన ఇల్లు తగిలితే పక్కింటితో సరిపెట్టకండి, సాయంత్రం మళ్లీ వెళ్లండి. పగలు తాళం ఉండేది ఎక్కువగా భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లకే. వాళ్లను వదిలేస్తే బస్సుల గురించి మీరు రాసేదంతా ఇంట్లో ఉండేవాళ్ల మాటే అవుతుంది.

జాతీయ సంస్థల్లో క్లాసులో చాలా మంది బయటి రాష్ట్రాల వాళ్లుంటారు. తెలుగు వచ్చినవాళ్లను ఒక్కో జంటకు ఒకరిగా పంచుకోండి. అనువదించే మిత్రులకు ఒక సూచన: కుదించకండి. ‘మా ఆయన పోయాక ముందు గది అద్దెకిచ్చాను, మేం వెనక గదిలో సర్దుకున్నాం’ అని ఒకామె చెబితే, ఫారంలో ‘కొంత అద్దె’ అని మాత్రమే పడకూడదు. ఆమె మాటను తెలుగులోనే అంచున రాసుకోండి. జ్యూరీలో ఇళ్ల కొరత గురించి మాట్లాడేటప్పుడు ఆ వాక్యం మీ పట్టికల కన్నా బలంగా నిలుస్తుంది.

ట్రాఫిక్ లెక్క

కూడలిలో ఒక్కో దిక్కుకు ఇద్దరు నిలబడి, ఫారంలో పదిహేను నిమిషాలకో గడి పెట్టుకుని, వెళ్లే ప్రతి వాహనానికీ ఒక గీత చొప్పున ఐదేసి గీతల కట్టలుగా గీయండి. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8 సరిపోతుంది. వాహనాలన్నీ ఒకటి కావు కాబట్టి ఒక్కోటీ ఎన్ని కార్లతో సమానమో లెక్కగట్టి కారు ప్రమాణంలోకి మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 106వ కోడ్‌లో కారు 1 అయితే, మొత్తం ట్రాఫిక్‌లో ఆ రకం వాహనాల వాటా తక్కువున్నప్పుడు బైకు 0.5, ఆటో 1.2, బస్సు 2.2. వాటా పెరిగితే ఇవి 0.75, 2.0, 3.7 దాకా వెళ్తాయి. నడిచేవాళ్లను కూడా లెక్కపెట్టండి. ఆ కోడ్ పట్టికలో వాళ్లు లేరు గానీ, రోడ్డు దాటడానికి ఎక్కువసేపు కాచుకుని ఉండేది వాళ్లే.

నీళ్ల జాడ

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి మునిగాయి. అలాంటి చోట సర్వే చేస్తే ప్రతి ఇంటి దగ్గరా ‘నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?’ అని అడగండి. గోడ మీద చేత్తో చూపిస్తారు. టేపు పెట్టి కొలవండి. భవనం నంబరు పక్కన ఆ సెంటీమీటర్లు రాస్తే, వీధుల్లో ఏది పల్లమో మీ మ్యాపు మీద కనిపిస్తుంది. వరద లేని వార్డుల్లో ఇదే ప్రశ్న పెద్ద వాన గురించి అడగండి.

ఆ రాత్రే

ఫారాలు ఆ రోజే ఎక్కించండి. రెండు రోజులు ఆగితే గజిబిజిగా రాసిన అంకె ఏమిటో రాసినవాళ్లకే గుర్తుండదు. జనాభా విషయంలో ఒక జాగ్రత్త: చేతిలో ఉన్న చివరి పూర్తి జనగణన 2011దే. 1991, 2001, 2011 అంకెలతో అంచనా కట్టండి, ఏ పద్ధతిలో కట్టారో మ్యాపు కిందే రాయండి.

జ్యూరీలో మొత్తం సర్వేని అప్పజెప్పకండి. మీకు ఆశ్చర్యం కలిగించిన ఒక్క విషయంతో మొదలుపెట్టి, దానికి ఆధారమైన మ్యాపు చూపించండి. ప్రతి షీటు మీద ఉత్తర దిక్కు, స్కేలు, సర్వే తేదీ ఉండాలి. ఏ వీధులు చేయలేకపోయారో మీరే ముందు చెప్పండి.

తిరిగి ఇవ్వండి

జ్యూరీ అయ్యాక రెండు పనులు మిగులుతాయి. చాలా జట్లు ఈ రెండూ చేయవు.

ఒకటి, వార్డుకు వెళ్లడం. మీరు కనుక్కున్నది ఒక ఏ3 కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక మ్యాపుతో వేసి సచివాలయంలో ఇవ్వండి. గంటసేపు తమ గడపలో కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లకు అది దక్కాల్సిన బాకీ.

రెండు, జూనియర్ల కోసం ఫోల్డరు. తేదీతో సహా బేస్ మ్యాపు, ఖాళీ సర్వే ఫారం, అందులో వాడిన కోడ్‌ల అర్థాల జాబితా, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసిన డేటా, చేయలేకపోయిన వాటి గురించి ఒక పేజీ. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో పన్నెండు వేలకు పైగా ప్లానర్లు కావాలి, మంజూరైన పోస్టులు నాలుగు వేల లోపు, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. ఇంత తక్కువ మంది చేసే పనిలో ఒక బ్యాచ్ కొలిచింది తర్వాతి బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి కొలవడం దండగ.

ఆ ఏ3 కాగితాన్ని, మొదట్లో మీకు జవాబిచ్చిన సీనియర్‌కు కూడా పంపండి. ఇంటర్న్‌షిప్ గురించి అడగాల్సి వచ్చినప్పుడు మీరెవరో చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. నవంబరు 8న ప్రపంచ టౌన్ ప్లానింగ్ దినోత్సవానికి చాలా విభాగాల్లో పూర్వ విద్యార్థులు వస్తారు. అప్పుడు మీ మ్యాపు గోడకు పెట్టి పక్కన నిలబడండి. పాసై వెళ్లే ఏడాది ఆ ఫోల్డరును మీ కాలేజీ మెయిల్ ఖాతాలో వదిలేయకండి. అది మూతపడొచ్చు. విభాగం ఖాతాకు మార్చి, మీ సొంత మెయిల్ ఐడీ మొదటి పేజీలో రాసి వెళ్లండి.