ముక్కు వాలిన పాత పికప్‌ని లేపడం

కడియపులంక నర్సరీ మొక్కలు మోసేదైనా, అంబాజీపేట కొబ్బరికాయలు తోలేదైనా, పదేళ్లు దాటిన పికప్‌కి ముందుభాగం కుంగడం మామూలే. ముందు కమాను కట్టలున్న బండికి ఈ పద్ధతి పనికిరాదు. ఇది ముందు టార్షన్ బార్లున్న వాటికి. చాసిస్ కింద చెరోపక్క పొడుగునా ఉండే ఉక్కు కడ్డీలివి. ముందు కొస చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కి, వెనక కొస యాంకర్ ఆర్మ్‌కి పళ్లతో కూర్చుంటాయి. చక్రం గోతిలో పడి లేచినప్పుడల్లా కడ్డీ మెలిపడుతుంది, స్ప్రింగు అదే. యాంకర్ ఆర్మ్‌ని తోసే బోల్టు బిగిస్తే బండి లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది.

బోల్టు బిగిస్తే బార్ గట్టిపడి ఎక్కువ లోడు మోస్తుందనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. గట్టిదనం కడ్డీ లావులో, పొడుగులో ఉంటుంది. బోల్టు మార్చేది ఎత్తునొక్కదాన్నే.

పానా పట్టకముందు టేపు పట్టాలి. బండి ఖాళీగా ఉండాలి, నాలుగు టైర్లలో గాలి సరిగా ఉండాలి, నేల సమంగా ఉండాలి. రైసుమిల్లు సిమెంటు కళ్లం చూడటానికి చదునుగానే ఉంటుంది గానీ, వాననీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. తాపీమేస్త్రీల నీళ్ల లెవెల్ పైపుతో నాలుగు చక్రాల చోట్లా చూసుకోండి. చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు దాకా కొలిచి, నాలుగు అంకెలూ రాసుకోండి. మడ్‌గార్డుకి ఎప్పుడో దెబ్బ తగిలి డెంటింగ్ చేయించి ఉంటే ఆ అంచుని నమ్మకండి. రెండు పక్కలా ఒకేలా ఉండే చాసిస్ బోల్టు దగ్గర నుంచి నేల దాకా కొలవండి.

బండి ఒకపక్కకి ఒరిగితే మొదట వెనక కమాను కట్టలు చూడండి. వెనక ఎడమ కట్టలో ఒక పట్టీ విరిగితే ముందు కూడా ఎడమకే వాలినట్టుంటుంది. దాన్ని వదిలేసి ముందు బోల్టు తిప్పితే నాలుగు చక్రాల మీదా బరువు అడ్డదిడ్డంగా పడుతుంది. ఆర్మ్ ఊగే చోట ఉండే బుష్‌లు, చక్రం వైపు గుండు కీళ్లయిన బాల్ జాయింట్లు అరిగి ఉన్నా మొదట వాటి పని చూడాలి.

అసలు కష్టం తుప్పుతో. రొయ్యల ట్రేలు ఎక్కించే బండ్లకి ఉప్పుతో కలిసిన ఐసునీళ్లు కారి, ఆ బోల్టు మర మట్టీ తుప్పూ పట్టి మూసుకుపోతుంది. ముందురోజు రాత్రే తీగల బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున ఇంకోసారి కొట్టండి. పొడి మరని బలవంతంగా తిప్పితే మర లేచిపోతుంది.

వెనక చక్రాలకి అడ్డు పెట్టి, చాసిస్ కింద జాకీ వేసి, ముందు చక్రాలు రెండూ వేలాడేలా లేపి స్టాండ్ల మీద దించండి. స్టాండు ఆర్మ్ కింద కాదు, చాసిస్ కిందే. మట్టినేల మీదైతే జాకీ కింద మందపాటి చెక్క లేకుండా మొదలుపెట్టకండి. చక్రాలు వేలాడితే బార్ మీద బిగువు చాలావరకు తగ్గుతుంది, అయినా పూర్తిగా పోదు. అందుకే బోల్టుని మొత్తం ఊడదీయకూడదు, మొహం దాని ఎదురుగా పెట్టకూడదు.

బోల్టు ఇప్పుడున్న చోటుకి పెయింటు గీత పెట్టండి. లాక్ నట్టు ఉంటే వదులు చేసి, రెండు పక్కలా రెండేసి చుట్లు బిగించండి. దించి, బండిని కొంచెం ముందుకీ వెనక్కీ తోసి, బంపరు మీద నాలుగుసార్లు ఊపాకే కొలవాలి. దించగానే కొలిస్తే టైర్లు లోపలికి నొక్కుకుని ఉండి అబద్ధం చెప్తాయి. రెండు చుట్లకి 8 మిల్లీమీటర్లు లేస్తే, ఇంకో 12 కావాలంటే మూడు చుట్లు. ఒకపక్క తిప్పితే రెండోపక్క కూడా కాస్త కదులుతుంది, కాబట్టి చివర్లో అరచుట్టు చొప్పునే. కుడి ఎడమలకి 5 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే ఆపేయవచ్చు.

కంపెనీ ఎత్తుకి తేవడమే మంచిది. కాలవగట్ల గోతుల కోసమని బాగా లేపేస్తే చక్రం కిందికి జారే చోటు తగ్గి, ప్రతి గోతిలోనూ ఆర్మ్ వెళ్లి రబ్బరు స్టాపుని ఠక్కున కొడుతుంది. బండి గట్టిపడిందనుకునేది ఈ దెబ్బనే. నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్‌కీ పైకిందల రబ్బర్లకీ మధ్య సందు కనపడాలి. బ్రేకు గొట్టాలు బిగుసుకోకూడదు.

బోల్టు చివరిదాకా వచ్చినా బండి లేవకపోతే, యాంకర్ ఆర్మ్‌ని ఒక పన్ను జరిపి కూర్చోబెట్టాలి. అది పుల్లర్, అంటే బిగుసుకున్న భాగాన్ని లాగే సాధనం, ఉన్న మెకానిక్ పని. అప్పుడు కుడి బార్ ఎడమకి మార్చనివ్వకండి, అవి ఒక్కో దిక్కుకి మెలిపెట్టి చేసినవి. పైపు రెంచి పళ్లు కూడా బార్‌కి తగలనివ్వకండి. పెయింటు లేచిన ఆ చిన్న గాటులో తుప్పు గుంట పడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

ఎత్తు మారితే చక్రాల వాలూ దిశా మారతాయి. అదేరోజు ఎలైన్‌మెంట్ చేయించకపోతే ముందు టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి. హెడ్‌లైట్లు కూడా పైకి చూస్తుంటాయి, దించుకోండి. బోల్టు మరకి గ్రీజు పూసి, పది రోజులు లోడు తిరిగాక మళ్లీ అదే కళ్లంలో, అదే చోట కొలవండి.