చిట్టి కూజా అడుగున పాత జిగురు

స్వీడన్‌లోని పాత సామాన్ల సంతల్లో దొరికే చిట్టి స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) కూజాలకు అడుగు భాగమే జాతకం, ఎవరు చేశారో చెప్పే గుర్తులు అక్కడే ఉంటాయి. నాకు దొరికిన బొటనవేలంత గోధుమరంగు కూజాకు సరిగ్గా అక్కడే ఎవరో ధర చీటీ అంటించారు. చీటీ ఊడింది, జిగురు మాత్రం నల్లగా పేరుకుపోయింది.

నూనె రాస్తే వదులుతుందని చాలామంది చెబుతారు. గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న చోట సరే. అడుగున గ్లేజు ఉండదు. మట్టి నూనెను పీల్చుకుంటే ఆ మరక పోవడం కష్టం. నానబెట్టడానికీ మనసొప్పలేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో, వేడి బాగా తగ్గించి, దూరం నుంచి గాలి పట్టించాను. జిగురు మెత్తబడగానే వెదురు పుల్లతో నెమ్మదిగా ఎత్తాను. లోహం వద్దే వద్దు, బూడిదరంగు గీత పడుతుంది. మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూదితో అద్దాను, రుద్దలేదు. దూది మాటిమాటికీ మార్చాలి, లేకపోతే కరిగిన జిగురు మళ్లీ మట్టిలోకే పోతుంది.

అడుగున గీసిన గుర్తులు బయటపడ్డాయి: ఆర్ అక్షరం, మూడు కిరీటాలు, నైలుండ్ సంతకం. అంటే ఇది 1726లో మొదలైన స్వీడన్ పింగాణీ సంస్థ రోర్‌స్ట్రాండ్‌ వారిది. 1930ల నుంచి అక్కడ పనిచేసిన గున్నార్ నైలుండ్ రూపకల్పన. గీతల్లో చిక్కిన మురికిని మెత్తని బ్రష్‌తో పొడిగానే దులిపాను. కొన్న ధర వేరే కాగితం మీద రాసి పెట్టుకున్నాను.