గ్రూప్ ఫొటోలో అంచున నిలబడేవాళ్ల కోసం

బరంపురం, పర్లాకిమిడి వైపు పెళ్లి ఫొటోలు తీసే తమ్ముళ్లూ, వైడ్ యాంగిల్‌లో గ్రూప్ తీసేటప్పుడు రెండు పక్కలా కాస్త ఖాళీ వదలండి. లెన్స్ వంచిన గీతలను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, నిజమే. కానీ అంచులను సాగదీసి, కొంత కత్తిరించి మరీ చేస్తుంది. మండపం స్తంభం నిటారుగా నిలుస్తుంది, చివరనున్న మేనత్త ముఖం మాత్రం వెడల్పై, మసకబారుతుంది. చీకటి పడిన మూలలను సాఫ్ట్‌వేర్‌లో వెలిగించినా అంతే, అక్కడ చుక్కచుక్కలుగా నాయిస్ తేలుతుంది. రాత్రి ముహూర్తాల్లో మరీను. మూలల్లో జరీ అంచు వెంట కనిపించే ఊదా, ఆకుపచ్చ చారలు సులువుగానే పోతాయి, వాటికి టెన్షన్ వద్దు. లెన్స్ పట్టని వివరాన్ని మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఫ్లాష్ ఉంటే అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 పెట్టండి. చోటుంటే వెనక్కి జరిగి, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 35 ఎంఎం లెన్స్ దగ్గర తీయండి.