ఫ్లింట్‌లాక్ మస్కెట్ బ్రీచ్: ప్లగ్ విప్పకుండా శుభ్రం చేయడం

మస్కెట్‌ను (చెకుముకి రాయితో పేలే పాతకాలపు పొడుగు తుపాకీని) తుప్పు తినేది ఎక్కువగా గొట్టం అడుగున, కంటికి ఆనని చివరి అంగుళంలోనే. అక్కడ గొట్టం వెనక్కొసను మరలున్న ఇనుప బిరడా మూసి ఉంటుంది. అదే బ్రీచ్ ప్లగ్. దానికి కాస్త ముందు, కుడి పక్కన రంజకం కంత. కంత పక్కనుండే చిన్న గిన్నెలో మందుకు చెకుముకి రవ్వ తగిలి లేచిన నిప్పు ఈ కంతలోంచే లోపలి మందుకు అంటుకుంటుంది.

నల్లటి తుపాకీ మందులో సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లు. అది కాలాక పుట్టేవాటిలో బరువు లెక్కన సగానికి పైగా ఘనపదార్థమే. కొంత పొగతో పోయినా, మిగతాది లోపలే అంటుకుని గాలిలో తేమను లాగుతుంది. హైదరాబాద్ ముసురులో ఒక్క రాత్రి వదిలేసినా తుప్పు పట్టేస్తుంది. ఈ మసి నూనెకు కరగదు, తారులా జిగటవుతుంది. నీళ్లకైతే ఇట్టే కరుగుతుంది.

ముందు చెకుముకి రాయి తీసేయండి. తర్వాత కడ్డీని గొట్టంలో అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కనే ఆనించి చూడండి. కొస రంజకం కంత దాకా రావాలి. అంగుళమో రెండంగుళాలో తక్కువైతే లోపల మందు దట్టించి ఉండొచ్చు. తుపాకీ మందు పొడిగా ఉంటే వందేళ్లయినా చావదు. అప్పుడు మీరు లాగకండి, గీకకండి, తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఖాళీ అని తేలాక గుర్రాన్ని (చెకుముకి రాయిని పట్టి ఉంచే మీటను) సగం ఎత్తులో నిలిపి, ఎడమ పక్కనున్న రెండు మరలు వదులు చేసి లాక్ (గుర్రం, గిన్నె ఉండే యంత్రభాగం) తీయండి. పాతవాటిలో గొట్టాన్ని కట్టె నుంచి విడదీయకపోవడమే మేలు. బ్రిటిష్ మస్కెట్లలో దాన్ని పట్టి ఉంచేవి సన్నని పిన్నులు. పీకితే కట్టె చీలుతుంది. ఫ్రెంచ్‌వాటికి బ్యాండ్లు ఉంటాయి, కాస్త సులువు. 1798లో రద్దయ్యేదాకా నిజాం దగ్గర రేమండ్ ఫ్రెంచ్ దళం ఉండేది కాబట్టి ఈ ఊళ్లో రెండో రకం కనిపించినా ఆశ్చర్యం లేదు.

బ్రీచ్ ప్లగ్‌ను మాత్రం తిప్పొద్దు. మరలు అరిగితే పేలినప్పుడు వెనక్కి తన్నేది మీ ముఖం మీదికే.

రంజకం కంతకు వెదురు పుల్ల బిగించి, మూతి చుట్టూ గుడ్డ చుట్టి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి పోయండి. బోరు నీళ్లు వద్దు, తెల్లటి పొర మిగులుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడండి. పది నిమిషాలాగి వంపేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పోయండి. ఆపైన కడ్డీ కొసకు పాత బనీను గుడ్డ చుట్టి తుడవండి. గుండ్రటి కొస ప్లగ్ అంచుల్లోకి వెళ్లదు. మసి గట్టిపడేది అక్కడే. గొట్టం వెడల్పుకు సరిపడా చదునైన ఇత్తడి గీకుడు రేకు (బ్రిటిష్‌దైతే సుమారు 19, ఫ్రెంచ్‌దైతే 17.5 మిల్లీమీటర్లు) బాలానగర్ లేత్ షాపుల్లో చేయించుకోవచ్చు. దాన్ని అడుగున ఆనించి మెల్లగా తిప్పండి. లండన్ తుపాకుల తయారీదారు హెన్రీ నాక్ 1787లో పేటెంటు తీసుకున్న తరహా ఇరుకు గది వేటతుపాకుల్లో ఉంటుంది. దానికి సన్న బ్రష్ వాడాలి.

కంతను ఇత్తడి తీగతోనే శుభ్రం చేయండి. ఉక్కు తీగ, డ్రిల్లు పెడితే అది పెద్దదై, పేల్చినప్పుడు పక్కకు ఎగజిమ్మే మంట పెరుగుతుంది.

గుడ్డ పొడిగా వచ్చాక పలుచగా తుపాకీ నూనె రాసి, మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. లేకపోతే నూనె బ్రీచ్‌లోకి దిగుతుంది. మర్నాడు తెల్ల గుడ్డ దించి చూడండి. గోధుమ రంగు వస్తే మళ్లీ నీళ్లతో మొదలుపెట్టాలి. లైసెన్సు ఉండి పేల్చేవాళ్లు మందు పోసే ముందు ఆ నూనెను పూర్తిగా తుడిచేయాలి. లేకపోతే గిన్నెలో మందు వెలిగినా లోపలిది అంటుకోదు.