మటన్ కూరలోకి చవకైన రెడ్ వైన్ ఎంచుకోవడం ఎలా?

కూరలో పోసే వైన్‌కు ఖరీదైన సీసా అక్కర్లేదు. పొయ్యి మీద మరిగేసరికి డబ్బు పోసి కొన్న సువాసనంతా ఆవిరైపోతుంది. మిగిలేవి పులుపు, తీపి, వగరు. నీరు ఇగిరేకొద్దీ ఆ మూడూ చిక్కబడి ముక్కకు పడతాయి. చూసుకోవాల్సింది వాటినే.

ముందు తీపి. 'పోర్ట్' అని రాసి చవగ్గా అమ్మే మన దేశపు సీసాలు తియ్యటివి. సగానికి మరిగితే పాకమే. లేబుల్ మీద 'డ్రై' (అంటే తీపి లేనిది) అని, ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం దాకా ఉన్నది తీసుకోండి. 'కుకింగ్ వైన్' అని అమ్మేదాంట్లో సాధారణంగా ఉప్పు కలిపి ఉంటుంది, అది వద్దు.

తర్వాత వగరు. జామపిందె కొరికితే నాలుక పట్టేసినట్టుంటుంది చూడండి, అలాంటిదే. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్ దానికి కారణం. మరిగేకొద్దీ అది చేదుగా తేలుతుంది. నెల్లూరు కారం తోడైతే మంట ఇంకా ఎక్కువనిపిస్తుంది. అందుకే వగరు తక్కువుండే మెర్లో ద్రాక్ష వైన్ మొదటి ఎంపిక. మిరియాలు, గరం మసాలా దట్టంగా వేసే కూరకు షిరాజ్ బాగుంటుంది. కాబర్నే సావిన్యాన్‌కు వగరెక్కువ, వేరేది దొరక్కపోతేనే చూడండి. ఓక్ పీపాల్లో ఊరిన 'రిజర్వ్' రకాలకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఆ చెక్క రుచి కూరలో చేదుగానే మిగులుతుంది. సూలా, గ్రోవర్ జంపా లాంటి మన కంపెనీల మామూలు రకాలు చాలు. 375 మిల్లీలీటర్ల అర సీసా దొరికితే ఇంకా మంచిది.

కూరలో పోసేముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. చిన్న స్టీలు గిన్నెలో 100 మిల్లీలీటర్లు పోసి, సన్న సెగ మీద సగానికి మరిగించండి. చల్లారాక ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. చింతపులుసంత పుల్లగా ఉన్నా ఫరవాలేదు, కూరలో సర్దుకుంటుంది. గొంతులో చేదు నిలిచినా, పెదాలకు జిగురుగా తీపి అంటినా ఆ సీసా కూరకు పనికిరాదు.

ఇక వండటం. నెల్లూరు జాతి పొట్టేలు తొడ మాంసం కిలోకి 200 మిల్లీలీటర్ల వైన్ సరిపోతుంది. ముక్కల్ని నూనెలో ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. అదే గిన్నెలో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేగాక పొయ్యి ఆపి వైన్ పోయండి. మంట మీద సీసాతో పోస్తే ఆవిరి భగ్గుమంటుంది. మళ్లీ వెలిగించి, అడుగున అంటిన ఎర్రటి పొరను గరిటెతో గీకుతూ, మూత లేకుండా సగానికి ఇగరనివ్వండి. కూర రుచంతా ఆ పొరలోనే ఉంది. ఆ తర్వాతే ముక్కలు తిరిగి వేసి ఉడికించండి. వైన్ ఇగరకముందే కుక్కర్ మూత పెడితే పచ్చి సారా వాసన కూరలోనే ఉండిపోతుంది. వైన్ పులుపు ఉంది కాబట్టి టమాటాలు సగానికి తగ్గించండి, చింతపండు అసలు వద్దు. ఇనప మూకుట్లో కూర నల్లబడుతుంది, అల్యూమినియం గిన్నెలో లోహం రుచి వస్తుంది. స్టీలే వాడండి.

చేపల పులుసులో మాత్రం రెడ్ వైన్ జోలికి పోకండి. వైన్‌లోని ఇనుము చేప నూనెతో కలిసి నీచు వాసనను పెంచుతుంది.

ఉడికితే ఆల్కహాల్ అంతా పోతుందన్నది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 15 నిమిషాలు ఉడికిస్తే సుమారు 40 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. వడ్డించేముందు అందరికీ చెప్పండి. పిల్లలకు, గర్భిణులకు, తాగనివారికి వేరే గిన్నెలో వండండి. అందులో వైన్‌కు బదులు 180 మిల్లీలీటర్ల చక్కెర కలపని నల్లద్రాక్ష రసం, పెద్ద చెంచాడు వెనిగర్ పోస్తే చాలు.

మిగిలిన వైన్‌ను బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులుంటుంది. నెలల తరబడి కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, కూరకు కావలసినన్ని ముక్కలే తీసుకోవచ్చు.