ప్రోటీన్ బొమ్మ గీద్దాం – 3: పొరలో ఏడు హెలిక్స్‌లు

కిందటి భాగంలో ప్రోటీన్ల నిర్మాణాలు దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి 2ఆర్‌హెచ్1 ఫైలు దించుకుని, వాటిని స్క్రీన్ మీద చూపే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాం. అందులో ఉన్నది బీటా-2 ఎడ్రినర్జిక్ రిసెప్టర్, అంటే కణం పొరలో ఉండి బయటి సంకేతాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్. పొరని ఇది ఏడు హెలిక్స్‌లతో, అంటే స్ప్రింగులా చుట్టుకున్న ఏడు ముక్కలతో దాటుతుంది. రైస్‌మిల్లు ఊకదుమ్ముకి ఆయాసం ఎక్కువై ఇన్‌హేలర్ పీల్చేవాళ్ళని మన డెల్టా ఊళ్ళలో చూసే ఉంటారు. ఆ ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ మందు వెళ్ళి పట్టుకునేది దీన్నే. ఫైలులో మాత్రం ఉన్నది కరజోలాల్, రిసెప్టర్‌ని పని చేయనివ్వని మందు. పేరు రాసేటప్పుడు జాగ్రత్త.

పెన్సిల్ పట్టేముందు స్క్రీన్ మీద ఇంకో చిక్కు విప్పాలి. రిసెప్టర్ కింద పెద్ద ముద్దొకటి అతుక్కుని కనిపిస్తోందా? అది దీనిది కాదు. 2007లో ఈ నిర్మాణం తేల్చిన శాస్త్రవేత్తలు కోబిల్కా, స్టీవెన్స్‌ల బృందాలు స్ఫటికం కట్టడం కోసం ఐదు, ఆరు హెలిక్స్‌ల మధ్య లూప్ (వాటిని కలిపే వదులు పోగు) తీసేసి, టి4 లైసోజైమ్ అనే వేరే ప్రోటీన్ని అక్కడ పెట్టాయి. ఫైలులో దాని ఎమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులో పూసల) నంబర్లు వెయ్యి దాటి ఉంటాయి. అవి సెలెక్ట్ చేసి దాచేయండి. ఆ ఖాళీని చుక్కల గీతతోనే కలపండి. నున్నగా వంపు తిప్పి గీస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, లేని ఆకారాన్ని ఉందని చెప్పినట్టే. అలాంటి అందం నాకు నచ్చదు.

ఇక కొలత. 1 నానోమీటరుకి 2 సెంటీమీటర్లు అనుకుందాం. పొరలో కొవ్వు భాగం మందం సుమారు 3 నానోమీటర్లు, కాబట్టి 6 సెంటీమీటర్ల ఎడంతో రెండు అడ్డగీతలు. హెలిక్స్ ఒక్కో చుట్టు ఎత్తు 0.54 నానోమీటరు, అంటే కాగితం మీద సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ. నిటారుగా నిలబడ్డ హెలిక్స్‌కి గీతల మధ్య ఐదున్నర చుట్లు పడతాయి. వాలిన వాటికి ఇంకొంచెం ఎక్కువ. మూడోది బాగా వాలి, మధ్యలోంచి పోతుంది.

చుట్టు తిరిగే దిక్కు దగ్గరే చాలామంది తప్పుతారు. ఆల్ఫా హెలిక్స్‌ది కుడి వాటం. మనకి ఎదురుగా ఉన్న పట్టీలన్నీ ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కాలి. అనుమానంగా ఉంటే సైకిల్ షాపులో మామూలు బోల్టొకటి తీసుకుని మరలు చూడండి, అదే వాలు. ట్రేసింగ్ పేపర్ తిరగేసి అచ్చు దించితే హెలిక్స్‌లన్నీ ఒక్క దెబ్బతో ఎడమ వాటానికి మారిపోతాయి. పైమూలలో "పై" అని రాసుకోండి. అన్నట్టు, వానల్లో మన వైపు తేమకి ఆ పేపర్ అలలు తేలుతుంది. నాలుగు మూలలా టేపు వేయకుండా కొలతలు పెట్టొద్దు.

కణం బయట నుంచి చూస్తే ఒకటి నుంచి ఏడు దాకా హెలిక్స్‌లు గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో వస్తాయి. ముందున్నవి ముదురు గీతతో మొదట గీసి, వెనకవి సన్నగా వాటి సందుల్లో చూపండి. ఏడోది దాటాక, కణం లోపలి వైపు పొర అంచున పడుకున్న చిన్న ఎనిమిదో హెలిక్స్‌ని మర్చిపోవద్దు.

ఆరోది మాత్రం బొమ్మలో ఒక పక్కకి వచ్చేలా కోణం ఎంచుకోండి. రిసెప్టర్ సంకేతాన్ని కణం లోపల అందుకునే జి-ప్రోటీన్‌తో కలిసి ఉన్న 2011 నాటి నిర్మాణంలో దాని కింది కొస 1.4 నానోమీటర్లు బయటికి జరిగింది. వచ్చే భాగంలో ఆ స్థితిని ఇదే కాగితం మీద గీస్తాం, కాబట్టి ఆ పక్క కింద మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలేయండి.