దవాఖాన నుంచి అసెంబ్లీ దాకా: నల్గొండ, పాలమూరు వైద్య సిబ్బందికి ఉన్న దారులు

ముందుగా తేల్చుకోవాల్సింది జీతం ఎవరిస్తున్నారన్నది. ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు, సొంత ల్యాబు నడిపే టెక్నీషియన్, కార్పొరేట్ ఆసుపత్రి నర్సు ఏ పార్టీలోనైనా చేరొచ్చు, ప్రచారం చేయొచ్చు, నామినేషన్ వేయొచ్చు. సర్కారు దవాఖాన ఉద్యోగికి ఈ మూడూ కుదరవు. 1964 నాటి ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి పార్టీ సభ్యత్వాన్ని, ప్రచారాన్ని, ప్రభుత్వ విధానాన్ని పత్రికలకెక్కి విమర్శించడాన్ని ఒప్పుకోదు. బదిలీ కోసం ఎమ్మెల్యేతో ఫోన్ చేయించడమూ అందులో తప్పే. అందరూ చేసేదే కదా అంటారు గానీ, మెమో చేతికొచ్చిన రోజు ఆ మాట అక్కరకు రాదు. ఓటరుగా నమోదు కావడానికి, గుర్తింపు ఉన్న సంఘం తరఫున వినతి ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు.

వైద్య సిబ్బంది ఎక్కువగా చేజార్చుకునేది పట్టభద్రుల ఓటు, అంటే డిగ్రీ ఉన్నవాళ్లు శాసనమండలికి వేసే ఓటు. శాసనమండలిలో 40 సీట్లుంటే అందులో మూడు పట్టభద్రులవి. పాత నల్గొండ జిల్లా వాళ్లు వరంగల్–ఖమ్మం–నల్గొండ స్థానంలోకి, వనపర్తి, గద్వాల, నారాయణపేట సహా పాత పాలమూరు వాళ్లు మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ స్థానంలోకి వస్తారు. 2021 మార్చిలో ఎన్నిక జరిగిన ఈ రెండింటి ఆరేళ్ల గడువు 2027 మార్చితో ముగుస్తుంది.

అసెంబ్లీ ఓటరు జాబితాలో పేరుంటే పట్టభద్రుల జాబితాలోనూ ఉన్నట్టు కాదు. పోయినసారి వేశాం కదా అనడమూ చెల్లదు; ఈ జాబితా ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి కొత్తగా రాస్తారు. ఫారం 18 నింపి, డిగ్రీ పట్టా నకలు మీద గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చేయించి, ఫొటో, నివాస రుజువు జతచేసి తహసీల్దారు ఆఫీసులో ఇవ్వాలి. నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. ఆ మూడేళ్లు ఫలితాలు వెలువడిన తేదీ నుంచి లెక్క, పట్టా చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ అన్నీ పనికొస్తాయి. నర్సింగ్‌లో జీఎన్ఎం డిప్లొమా ఒక్కటే ఉంటే డిగ్రీ కింద రాదు. సంఘం నాయకుడు వంద ఫారాలు కట్టగట్టి తెస్తే తీసుకోరు. సంస్థ అధిపతి తన సిబ్బందివి కలిపి పంపొచ్చు కాబట్టి సూపరింటెండెంట్‌ను ఒప్పిస్తే ఒక దవాఖాన పని ఒక్క రోజులో తెమిలిపోతుంది. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లు గత ఆరేళ్లలో మూడేళ్లు బోధనలో ఉంటే ఫారం 19తో మండలి ఉపాధ్యాయుల సీటు ఓటరు జాబితా సంగతీ కనుక్కోవాలి.

ఇక అర్జీ. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. కాగితం ఇచ్చి రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. అక్కడ పని చెడేది చాలావరకు తప్పు గడప తొక్కడం వల్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) కింద ఉంటుంది. ఏరియా దవాఖానలు వైద్య విధాన పరిషత్తు కింద నడుస్తూ వచ్చాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ బోధనాసుపత్రులు వైద్య విద్య డైరెక్టరు కిందికి వస్తాయి. ఒకరి పని ఇంకొకరికి రాస్తే ‘మా పరిధిలోనిది కాదు’ అని ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తారు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ముచ్చటే చూడండి: ఎముకలు వంగిన మనిషి వచ్చేది దవాఖానకే, కానీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ల సంగతి తాగునీటి పథకం మిషన్ భగీరథ ఇంజినీర్లది. వాళ్లకు నీటి పరీక్ష రిపోర్టు, ఆరోగ్య శాఖకు రోగుల సంఖ్య, ఇట్లా రెండు కాగితాలు వేర్వేరుగా వెళ్లాలి.

‘మా దవాఖానను ఎవరూ పట్టించుకోవట్లేదు’ అని రాస్తే అది నిట్టూర్పే గానీ అర్జీ కాదు. మంజూరైన స్టాఫ్ నర్సు పోస్టులు ఎన్ని, పనిలో ఉన్నది ఎందరు, రాత్రి డ్యూటీలో ఎందరు, ఆరు నెలల్లో పెద్ద దవాఖానకు పంపిన కాన్పు కేసులు ఎన్ని: నాలుగు వరుసలు, కింద ఒకే ఒక్క కోరిక. ఒక పేజీ దాటొద్దు, రోగుల పేర్లు రాయొద్దు. బయటివాళ్లు ఈ లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. రుసుము మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైస్థాయి ఆఫీసుల్లో 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. సిబ్బంది మాత్రం పై అధికారి అనుమతి లేకుండా రిజిస్టరు ఫొటోలు బయటికి ఇవ్వకూడదు.

ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లేటప్పుడు శాలువా కన్నా ప్రశ్న తీసుకెళ్లడం మేలు. ‘ఫలానా ఏరియా దవాఖానలో మత్తు డాక్టరు పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఎప్పటిలోగా నింపుతారు’ అని సభలో అడిగే రూపంలోనే టైపు చేసి పీఏ చేతికివ్వండి. ఆ ప్రశ్నను స్పీకర్ అనుమతిస్తే సచివాలయం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పీహెచ్‌సీకి లెక్కలు పంపమని ఫోన్లు మొదలవుతాయి. మంత్రి జవాబు రికార్డులో నిలిచిపోతుంది. నిధులు కావాలంటే బడ్జెట్ సమావేశాల్లో అడగడం ఆలస్యమే. శాఖల ప్రతిపాదనలు అంతకు కొన్ని నెలల ముందే కదులుతాయి, దసరా దాటగానే కాగితం చేరాలి.

పోటీకి దిగాలనుకుంటే అసెంబ్లీకి 25 ఏళ్లు, మండలికి 30 ఏళ్లు నిండాలి. రెంటికీ డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలి. సర్కారు డాక్టరైతే రాజీనామా ఇస్తే చాలదు, నామినేషన్ల పరిశీలన నాటికే అది ఆమోదం పొంది ఉండాలి. లేకుంటే లాభదాయక పదవిలో, అంటే సర్కారు జీతంలో ఉన్నారన్న పేరిట నామినేషన్ కొట్టేస్తారు. పట్టభద్రుల సీటుకు పోటీ చేసేవాళ్లకు మాత్రం డిగ్రీ అక్కర్లేదు, వింతగా ఉన్నా అదే నియమం.

మండలి పోలింగ్ రోజు జేబులో పెన్ను జేబులోనే ఉంచండి. అక్కడిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే, అభ్యర్థి పేరు పక్కన 1 అంకె వేయాలి, తర్వాత ఇష్టమైతే మిగతావాళ్లకు ప్రాధాన్య క్రమంలో 2, 3. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు. రోజూ ప్రిస్క్రిప్షన్ మీద సంతకం గీకే చేతికి అక్కడ కాస్త జాగ్రత్త కావాలి.